టాలెంట్ లేని శిష్యుడు, ఆరుగురు గురువులు

[తెర మీద: జపాన్ హైస్కూలు ఆవరణ. బెదిరిపోయి నిలబడ్డ బక్కపలచని కుర్రాడు.]

ఈ కుర్రాడి పేరు షిరహమ కెనిచి. కోర్యో హైస్కూల్లో చదువుతున్నాడు. కరాటే క్లబ్బులో చేరాడు గానీ, అక్కడ అందరి చేతా దెబ్బలు తినడమే వాడి పని. ఒకరోజు డైమోంజి అనేవాడితో పోరుకు దిగాల్సి వస్తుంది. ఓడినవాడు క్లబ్బు వదిలిపోవాలి. కెనిచి టెన్షన్ చూసి, కొత్తగా స్కూల్లో చేరిన ఫూరింజి మియు అనే అమ్మాయి అడుగు ఎలా వేయాలో నేర్పిస్తుంది. కథ అక్కడ మొదలవుతుంది.

మత్సుఎన శున్ గీసిన ఈ మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, 2002 నుంచి 2014 వరకు వీక్లీ షోనెన్ సండే అనే పత్రికలో నడిచింది. మొత్తం 61 సంపుటాలు. 2006లో 50 ఎపిసోడ్ల అనిమే (యానిమేషన్ సీరియల్) మొదలైంది. ఇంగ్లీషులో 'కెనిచి: ద మైటియెస్ట్ డిసైపుల్' అంటారు.

స్కూలు కొట్లాటల కథలు జపాన్‌లో కొల్లలు. ఇది నాకు ఇంత ఇష్టం కావడానికి కారణం ఒక్కటే. ఇందులో గెలుపు ఎక్కడి నుంచి వచ్చిందో మన కళ్ల ముందే చూపిస్తారు.

[తెర మీద: పాత డోజో గేటు]

కెనిచి చేరేది మియు తాతగారి డోజోలో, అంటే యుద్ధవిద్యలు నేర్పే చోట. దాని పేరు ర్యోజాన్‌పాకు. చైనా పురాగాథలో 108 మంది వీరులు తలదాచుకున్న లియాంగ్‌షాన్ చిత్తడినేలకు జపనీయులు పలికే పేరు ఇది. ఆ తాతగారితో కలిపి ఇక్కడ ఆరుగురు గురువులు. జపాన్ కుస్తీ లాంటి జుజుత్సుకు అకిసమే, కరాటేకు సకాకి, చైనా యుద్ధవిద్య కెంపోకు కెన్‌సేయ్, థాయ్ బాక్సింగ్ అయిన ముయ్ థాయ్‌కు అపాచాయ్, ఆయుధాలకు షిగురే. కెనిచికి టాలెంట్ లేదని గురువులే తేల్చేస్తారు. అయినా వదలరు.

మన బళ్లలో గోడకుర్చీ వేయించేవారు, గుర్తుందా? ఇక్కడ కెనిచి గోడ ఆసరా కూడా లేకుండా అలాగే కూర్చోవాలి, ఒంటి మీద పెట్టిన కప్పులు కదలకూడదు. ఇంకోరోజు నడుముకు తాడు కట్టుకుని టైరు లాగుతూ పరుగెత్తాలి. ఆ టైరు మీద అకిసమే కూర్చుని ఉంటాడు! అపాచాయ్‌తో ప్రాక్టీస్ అంటే మరీ ప్రమాదం. మనసు వెన్న, కానీ దెబ్బ తగ్గించి కొట్టడం ఆయనకు చేతకాదు.

కెనిచి తలపడే స్కూలు పిల్లల ముఠా పేరు రాగ్నరోక్. దాన్ని నడిపే ఎనిమిది మంది మారుపేర్లలో ఓడిన్, లోకి, థోర్, ఫ్రెయా లాంటి నార్స్ (పాత స్కాండినేవియా) పురాణ నామాలు కనిపిస్తాయి. థోర్ అయితే సుమో మల్లుడు. ఓడిన్ ఎవరో కాదు, కెనిచి చిన్ననాటి స్నేహితుడే. అందుకే ఆ పోరులో ప్రతి దెబ్బా మనకు తగులుతుంది.

[తెర మీద: ఖడ్గం, దాని పక్కన పిడికిలి]

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ డోజో పాటించేది 'కత్సుజిన్‌కెన్'. ప్రాణం నిలిపే విద్య. ఈ ఆలోచన పాత కత్తిసాము నుంచి వచ్చింది. జపాన్ కత్తిసాము గురువు యాగ్యూ మునెనోరి 1632 నాటి తన గ్రంథంలో ప్రాణం తీసే ఖడ్గం, ప్రాణం నిలిపే ఖడ్గం గురించి రాశాడు. జపనీస్‌లో 'కెన్' అంటే ఖడ్గం. వేరే అక్షరంతో రాస్తే అదే 'కెన్' పిడికిలి అవుతుంది. మత్సుఎన ఆ ఒక్క అక్షరం మార్చి కథంతా దాని మీద నిలబెట్టాడు. శత్రువును చంపితే కెనిచి గెలిచినట్టు కాదు. ఎదుటివాడు బతికే ఉండాలి. దాంతో ప్రతి పోరూ రెండింతలు కష్టమవుతుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇందులో అమ్మాయిలను గీసిన తీరు చాలా చోట్ల నాకు నచ్చలేదు. ఇంత మంచి కథకు ఆ అవసరమే లేదు.

[తెర మీద: కెనిచి పిడికిలి, అతి దగ్గరగా]

చివరగా ఈ గుద్దు చూడండి. పేరు 'ముబ్యోషి'. 'హ్యోషి' అంటే తాళం, 'ము' అంటే లేనిది. చెయ్యి వెనక్కి లాగడం ఉండదు, ముందస్తు సూచన ఉండదు, ఎదుటివాడికి లెక్క అందదు. కరాటే, కెంపో, ముయ్ థాయ్, జుజుత్సు నాలుగింటి సారం కలిపి చాలా దగ్గర నుంచి కొట్టే ఒక్క దెబ్బ. ఇది ఏ గురువూ నేర్పింది కాదు. టాలెంట్ లేదన్న ఆ కుర్రాడే తయారు చేసుకున్నాడు.