హోటల్ వంటగది నుంచి ఆసుపత్రి వంటగదికి

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక, రాత్రి బేరం మొదలయ్యేలోగా మీకు దొరికేది రెండు మూడు గంటలే. ఆ కాస్త కునుకు కూడా మానుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

జగదాంబ నుంచి గాజువాక దాకా, బీచ్ రోడ్డు నుంచి మధురవాడ దాకా మన విశాఖ హోటళ్లలో పనిచేసే మాస్టర్లు, హెల్పర్లు, సప్లయర్లు ఏదో ఒక రోజు అనుకునే మాటే ఇది: "ఇంకెన్నాళ్లీ పని? నలుగురికీ పనికొచ్చేది ఏదైనా చేద్దాం." ఈ మాట వెనక రెండు బాధలుంటాయి. ఒకటి ఒంటి బాధ. బ్రేక్ షిఫ్టు, రాత్రి ఒంటిగంటకి నిద్ర, సంక్రాంతికి కూడా ఊరెళ్లలేకపోవడం. రెండోది మనసు బాధ. రోజుకి మూడొందల ప్లేట్లు బయటికి పంపినా, అవి ఎవరు తిన్నారో, వాళ్లకేం మేలు జరిగిందో తెలియదు. మిమ్మల్ని పీడిస్తున్నది మొదటిదే అయితే రాత్రి షిఫ్టు లేని టిఫిన్ సెంటరో, కంపెనీ క్యాంటీనో చూసుకుంటే చాలు. రెండోదైతే ఇప్పుడు చెప్పబోయేది మీకోసమే.

మారదాం అనుకోగానే చాలామంది వంటని పూర్తిగా వదిలేసి డ్రైవింగో, సెక్యూరిటీ గార్డు పనో వెతుక్కుంటారు. పదేళ్లు నేర్చిన చేతిని పక్కన పెట్టి అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టడం నాకు సరైన పని అనిపించదు. విశాఖ ఆసుపత్రుల ఊరు. ప్రభుత్వ ఆసుపత్రులు కేజీహెచ్, విమ్స్, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, వీటికి తోడు ప్రైవేటు ఆసుపత్రులు. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం నుంచీ, పక్కనున్న ఒడిశా నుంచీ రోగులు ఇక్కడికే వస్తారు. మంచం మీదున్న ప్రతి మనిషికీ మూడు పూటలా తిండి కావాలి. ఆ తిండి మందుతో సమానం. దాన్ని వండే చేతులు తక్కువగా ఉన్నాయి.

అక్కడ పని మొదలయ్యేది డైట్ షీటుతో. రోగుల తిండి నిర్ణయించే డైటీషియన్ వార్డులు తిరిగి వచ్చాక ఏ బెడ్డుకి ఏ భోజనమో రాసిస్తారు: మామూలుది, మెత్తనిది, ద్రవాహారం, షుగరు, తక్కువ ఉప్పు, కిడ్నీ, ముక్కు ట్యూబు ఫీడు. హోటల్లో ఆర్డరు తప్పితే ప్లేటు వెనక్కి వస్తుంది. ఇక్కడ రోగి నోరెత్తి అడగలేకపోవచ్చు, తప్పుడు ట్రేనే తినేస్తాడు. అందుకే ట్రే మీద పేరు, బెడ్డు నంబరు రెండూ ఉండాలి, ఇచ్చేటప్పుడు రెండూ సరిచూడాలి. మధ్యాహ్నం బెడ్లు మారుతుంటాయి, నంబరు ఒక్కటే నమ్ముకుంటే పొరపాటు ఖాయం.

హోటల్ నుంచి వచ్చినవాళ్లు మొట్టమొదట తడబడేది ఉప్పు దగ్గర. ఆరోగ్యంగా ఉన్న మనిషికే రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు కన్నా కాస్త తక్కువ, దాటొద్దంటారు. గుండె, కిడ్నీ రోగులకి ఇంకా తగ్గిస్తారు. అరచేతిలో పోసుకుని అందాజాగా వేసే అలవాటు ఇక్కడ పనికిరాదు, కాటా మీద తూచాలి. పద్ధతి ఇలా ఉంటుంది: నలభై మందికి కూర ఉప్పు లేకుండానే వండాలి. తక్కువ ఉప్పు వాళ్లకి కావలసినంత ముందుగా వేరే గిన్నెలోకి తీసి మూత పెట్టాలి. ఆ తర్వాతే మిగతా కూరలో ఉప్పు వేయాలి. ముందు అందరికీ వేసేసి, తర్వాత నీళ్లో బంగాళాదుంపో కలిపి సరిచేద్దామంటే కుదరదు. నాలుకకి చప్పబడుతుంది గానీ ఆ కూరలో పడ్డ ఉప్పు అందులోనే ఉంటుంది. గరిటలు కూడా వేరువేరుగా పెట్టాలి.

ఉప్పు డబ్బా ముట్టకపోయినా సోడియం దొంగచాటుగా వస్తుంది. దోసె పిండిలో వంటసోడా, టేస్టింగ్ సాల్టు, సోయా సాసు, అప్పడం, ఊరగాయ, అన్నిట్లోనూ ఉంది. రుచికి మిరియం, జీలకర్ర, వెల్లుల్లి పోపు, కొత్తిమీర, దించాక నాలుగు చుక్కల నిమ్మరసం వాడుకోవచ్చు. బజారులో "లో సోడియం" అని దొరికే ఉప్పుని మాత్రం సొంత తెలివితో వాడకండి. అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ రోగికి అది మామూలు ఉప్పుకన్నా ప్రమాదం.

ఈ పొటాషియం గురించి కాస్త నిలబడి చెప్పాలి, ఎందుకంటే మీ చేతి అలవాటుకి పూర్తిగా ఎదురెళ్లే పని ఇదే. పాడైన కిడ్నీలు రక్తంలోంచి పొటాషియాన్ని సరిగా తీసేయలేవు. అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. డైటీషియన్ ఆ రోగికి దుంపకూర రాస్తే చేసే తీరు ఇది. కిలో దుంపలు చెక్కు తీసి, చిప్స్‌కి తరిగినంత పల్చగా తరగాలి. పది లీటర్ల గోరువెచ్చని నీళ్లలో కనీసం రెండు గంటలు నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోసి, ముక్కలు కడిగి, అయిదు లీటర్ల కొత్త నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లూ వార్చేయాలి. అప్పుడు పోపు. దుంప కోయకుండా నానబెడితే ఫలితం ఉండదు, పొటాషియం బయటికి రావాలంటే కోసిన ముఖం నీళ్లకి తగలాలి. కుక్కర్లో కొద్దినీళ్లతో ఉడికించి ఆ నీళ్లు కూరలోనే ఇగరబెడితే చేసిందంతా వృథా. హోటల్లో రుచంతా ఆ నీళ్లలోనే ఉందని దాచుకుంటాం, ఇక్కడ వాటినే మోరీలో పోయాలి. ఇంత చేసినా పొటాషియం తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు, కాబట్టి ఎన్ని గ్రాములు వడ్డించాలో డైటీషియన్ చెప్పిందే వేదం. బలమని బంధువులు తెచ్చే కొబ్బరినీళ్లు, అరటిపండు, మునగాకు కూర కూడా డయాలసిస్ రోగికి హాని చేస్తాయి. ట్రే తీసుకెళ్లినప్పుడు మంచం పక్కన కొబ్బరిబోండం కనబడితే నర్సుకి చెప్పండి. ఒక ప్రాణం నిలిచేది అలాంటి చిన్న మాటతోనే.

షుగరు రోగి విషయంలో గడియారం ముఖ్యం. మామూలు ఇన్సులిన్ భోజనానికి అరగంట ముందు ఇస్తారు. సూది పడ్డాక ట్రే ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, ఇంకా ఆలస్యమైతే స్పృహ తప్పడం. అన్నం పడిందే లేటు, పప్పు ఉడకలేదు అనే మాటలకి అక్కడ చోటు లేదు.

రాత్రి మిగిలిన అన్నాన్ని బయటే ఉంచి పొద్దున్న ఫ్రైడ్ రైసుకి వాడటం చాలాచోట్ల ఉన్నదే. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిమిలో ఉండిపోతే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేయించినా పోదు. క్యాన్సర్‌కి కీమో మందులు తీసుకుంటున్న మనిషికి ఆ వాంతులు, విరేచనాలు తట్టుకునే శక్తి ఉండదు. వేడిది 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపల ఉండాలి. మళ్లీ వేడిచేస్తే లోపలి భాగం 75 డిగ్రీలకి చేరాలి. థర్మామీటరు సూది గిన్నె నడుమ ఉండాలి, అడుగుకి తగిలితే తప్పుడు లెక్క చూపిస్తుంది.

ఇక చదువు, కాగితాలు. పదో తరగతి లేదని వెనకాడకండి, రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పని మానకుండానే రాయొచ్చు. దూరవిద్య నడిపే ఇగ్నో విశ్వవిద్యాలయంలో ఆహారం, పోషణ మీద ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉంది, 18 ఏళ్లు నిండితే చాలు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫోస్టాక్ అనే శిక్షణ ఒక్కరోజులో అయిపోతుంది. 25 మంది సిబ్బందికి ఒకరైనా ఆ శిక్షణ పొందినవాళ్లు ఉండాలన్నది వాళ్ల నియమం, కాబట్టి ఆ సర్టిఫికెట్టుకి గిరాకీ ఉంటుంది. సప్లయర్లకి ట్రే సర్వీసు దగ్గరి దారి.

మానేసే ముందు ఓనరు దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీర్చేయండి. అది మిగిలి ఉండగా అనుభవ పత్రం అడిగితే తిప్పుతూనే ఉంటారు. ఆ పత్రంలో చేరిన తేదీ, మానిన తేదీ, హోదా ఉండాలి. 20 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే హోటలైతే పీఎఫ్ ఉండాలి. మనవాళ్లకి పీఎఫ్ దగ్గర ఎక్కువగా ఇరుక్కునేది ఇంటిపేరు: ఆధార్‌లో ముందుంటుంది, పీఎఫ్‌లో వెనక్కి వెళ్తుంది, లేదా ఒక్క అక్షరమే ఉంటుంది. పనిలో ఉండగానే సరిచేయించుకోండి. పాత డబ్బు తీసేయకుండా కొత్త ఖాతాకి మార్చుకోండి. పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి, పెన్షన్ సొమ్ము తీసేస్తే అప్పటిదాకా చేసిన ఏళ్లు పోతాయి. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే చేసిన ఏళ్లకి ఓనరు ఇవ్వాల్సిన సొమ్ము, కూడా అడగండి. బేసిక్ 12,000, సర్వీసు ఆరేళ్లు అనుకుంటే, 12,000ని 26తో భాగించి, 15తో, 6తో గుణించాలి. దాదాపు 41,500 రూపాయలు. అడగనివాళ్లకి ఎవరూ పిలిచి ఇవ్వరు.

జీతం సంగతి దాచను. పేరున్న బిర్యానీ మాస్టరుకి వచ్చేంత మొదట్లో అక్కడ రాదు. టిప్పులు ఉండవు. హోటలు ఇచ్చే గది, రెండు పూటల తిండి కూడా పోతాయి, వాటిని రూపాయల్లో రాసుకుని అప్పుడు పోల్చండి. పని తెల్లవారుజామున మొదలవుతుంది, కొత్త నిద్ర వేళలు అలవాటవడానికి కొన్ని వారాలు పడుతుంది. కానీ రాత్రి ఇంట్లో పిల్లలతో కూర్చుని తింటారు.

చాలా ఆసుపత్రుల్లో వంటగది కాంట్రాక్టరుది. చేరేముందు జీతం ఎవరిస్తారు, పీఎఫ్ ఎవరు కడతారు, కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది, కొత్తవాళ్లు వస్తే పాత సిబ్బందిని ఉంచుతారా అని అడగండి. ఒకసారి లోపలికెళ్లి చూస్తామనండి. కాటా, థర్మామీటరు, ఆ పూట డైట్ షీటు, ఈ మూడూ కనబడాలి. ఇవేవీ లేవంటే అది ఆసుపత్రి ఆవరణలో నడిచే మామూలు క్యాంటీన్, దానికోసం ఉన్న పని మానుకోవద్దు.

పీఎఫ్ పాస్‌బుక్ ఎప్పుడూ తెరిచి చూడనివాళ్లు ఫోనూ, ఆధార్ కార్డూ తీసుకుని ముందుకి రండి, ఇంటిపేరు ఎలా పడిందో ఇక్కడే చూసేద్దాం.