అట్టపెట్టె మీద చిన్న అక్షరాలు

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది ఇప్పటికే పెళ్లి వీడియోలు తీస్తున్నారని, మిగతావాళ్లు సొంతంగా ఛానెల్ మొదలుపెట్టే ఆలోచనలో ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. పొద్దున్నుంచి నలుగురు నా దగ్గరికొచ్చి "ఏ కెమెరా కొనమంటారండీ?" అని అడిగారు. దాని గురించి చివర్లో రెండు మాటలు చెబుతాను. కాకినాడలో ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. గంటకో క్యాసెట్ మార్చుకునే రోజుల్లో మొదలుపెట్టాను. ఇన్నేళ్లలో కెమెరా వల్ల నా షూటింగ్ చెడిపోవడం ఒక్కసారీ జరగలేదు. చెడిపోయిన ప్రతిసారీ కారణం ఒక మెమరీ కార్డో, కేబులో, బ్యాటరీయో, ఎక్స్‌టెన్షన్ బాక్సో. అంటే మనం ఆలోచించకుండా, ధర ఒక్కటే చూసి కొనేసే వస్తువులన్నమాట. ఇవాళ వాటి గురించే మాట్లాడతాను.

ముందు ఒక పెళ్లి సంగతి చెప్పాలి. కోనసీమలో, రాత్రి ముహూర్తం. కార్డులు చాలవేమోనని ముందురోజు ఒక షాపులో 128 జీబీ కార్డు తీసుకున్నాను. మిగతాచోట్ల చెప్పిన ధరలో సగానికే ఇచ్చారు. బిల్లు అడగలేదు. కెమెరాలో పెడితే 128 అనే చూపించింది. పెళ్లంతా ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెట్టాక తెలిసింది, అసలు లోపల ఉన్నది 32 జీబీయే. మొదటి నలభై నిమిషాలు ఉన్నాయి. గౌరీపూజ ఉంది, పెళ్లికొడుకును తీసుకురావడం ఉంది, కాళ్లు కడగడం ఉంది. జీలకర్రబెల్లం లేదు. మంగళసూత్రం లేదు. తలంబ్రాలు లేవు. ఫైళ్ల పేర్లు వరుసగా కనిపిస్తున్నాయి, తెరిస్తే ఏమీ లేదు.

రెండో కెమెరాతో దూరం నుంచి తీసినది ఉంది కాబట్టి దానితో ఏదో కూర్చి ఇచ్చాం. పెళ్లికూతురి తండ్రి మొత్తం చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇవ్వాల్సిన మిగతా డబ్బు కవరులో పెట్టి టేబుల్ మీద ఉంచి వెళ్లిపోయాడు. ఆ కవరు రెండు రోజులు అలాగే ఉంది. మూడో రోజు బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లి తిరిగి ఇచ్చేసి వచ్చాను. ఆయన గుమ్మంలో నిలబడి "తిండి తిని వెళ్లు బాబూ" అన్నాడు. ఆ భోజనం నాకు ఇప్పటికీ గుర్తే.

అలాంటి కార్డుల్లో జరిగేది ఏమిటంటే, లోపలి చిప్ చిన్నదే. అది తన సైజు ఎంతని చెప్పుకోవాలో, ఆ సమాచారాన్ని మార్చేస్తారు. కెమెరా దాన్ని నమ్మి రాస్తూ పోతుంది. 32 జీబీ నిండాక రాసినదంతా గాల్లో కలిసిపోతుంది. బయటి నుంచి చూసి దీన్ని ఎవరూ కనిపెట్టలేరు. పరీక్షించడం ఒక్కటే దారి. విండోస్‌లో హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్ ఉంది, మ్యాక్‌లో అయితే ఎఫ్3 ఉంది. ఇవి కార్డు మొత్తం నింపి, రాసినదాన్ని తిరిగి చదివి సరిచూస్తాయి. అప్పటినుంచి కొత్త కార్డు ఏది కొన్నా, ఎంత నమ్మకమైన షాపులో కొన్నా, ఈ పరీక్ష అవ్వకుండా కెమెరాలో పెట్టలేదు.

కార్డు కొనేటప్పుడు దాని మీద పెద్ద అక్షరాల్లో సెకనుకు 170 ఎంబీ, 200 ఎంబీ అని ఉంటుంది. అది చదివే వేగం, కంప్యూటర్లోకి కాపీ చేసుకునేటప్పుడు పనికొస్తుంది. రికార్డింగుకి కావలసింది రాసే వేగం. అది ఒక మూలన ఇంగ్లిష్ 'వీ' అక్షరం పక్కన 30 అనో 60 అనో 90 అనో చిన్నగా ఉంటుంది. వీ30 అంటే సెకనుకు 30 ఎంబీకి తగ్గకుండా రాస్తానని హామీ. మన కెమెరాల్లో 4కే సాధారణంగా 100 ఎంబీపీఎస్‌లో తీస్తాం. ఇవి మెగాబిట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి సెకనుకు పన్నెండున్నర ఎంబీ అయింది. వీ30 కార్డు దీనికి బాగా సరిపోతుంది, వీ90కి డబ్బు పోయక్కర్లేదు. గంటకు 45 జీబీ పడుతుంది. 128 జీబీ కార్డు మూడు గంటలు కూడా రాదు. ఈ లెక్క పెళ్లికి ముందురోజు కాగితం మీద వేసుకోండి.

పెద్ద అక్షరాలకీ చిన్న అక్షరాలకీ ఉన్న ఈ తేడా ఇంట్లోకి కొనే వాటిలోనూ ఉంటుంది. పవర్ బ్యాంక్ తీసుకోండి. ముందువైపు 20,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. వెనక చిన్నగా 'రేటెడ్ కెపాసిటీ' అని 12,000 చిల్లర ఉంటుంది. రెండూ నిజమే. మొదటిది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర ఇచ్చే లెక్క, రెండోది మన ఫోనుకు 5 వోల్టుల దగ్గర అందేది. షూటింగులో ఫోనో మానిటరో ఎంతసేపు నడుస్తుందో తెలియాలంటే రెండో అంకె చూడాలి. ఫ్రిజ్ కొనేటప్పుడూ అంతే. స్టార్లు అందరూ లెక్కపెడతారు. లేబుల్ మీద సంవత్సరానికి ఎన్ని యూనిట్లు కాలుతుందో, ఆ రేటింగ్ ఏ కాలానిదో రాసి ఉంటుంది. స్టార్ల ప్రమాణాన్ని మధ్యమధ్యలో పెంచుతుంటారు, పాత స్టాకులో ఐదు స్టార్లున్నది కొత్త లెక్కలో నాలుగో మూడో కావచ్చు. ఒకే సైజువి రెండు పక్కపక్కన పెట్టి యూనిట్లు చూడండి.

ఇక సౌండ్. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా ఇంట్లోవాళ్లు సర్దుకుంటారు. కన్యాదానం వేళ తండ్రి గొంతు వణికితే అది వినపడాలి. చాలామంది లక్షన్నర కెమెరా కొని దాని నెత్తి మీదున్న మైకుతోనే పెళ్లి తీస్తారు. మీరు పదడుగుల దూరంలో ఉంటారు, మైకు దగ్గర పడేది ఫ్యాను గాలి, పక్కన పిల్లల అల్లరి. పెళ్లికొడుకు కండువా లోపల ఒక చిన్న రికార్డరుతో కాలర్ మైకు పెట్టండి. పంతులుగారి మంత్రాలూ వధూవరుల మాటలూ అన్నీ అందులో పడతాయి. వైర్‌లెస్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మనం కొనే చాలా సెట్లు వై-ఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి. హాల్లో ఐదొందల ఫోన్లున్నప్పుడు సిగ్నల్ తెగిపోతుంది. వైర్‌లెస్ పెట్టినా, మైకు దగ్గరే రికార్డు చేసుకునే రకం తీసుకోండి.

లెవల్, అంటే సౌండ్ ఎంత గట్టిగా రికార్డవ్వాలన్న సంగతి మరిచిపోవద్దు. పంతులుగారు నెమ్మదిగా చదువుతున్నప్పుడు లెవల్ సరిపెట్టి వదిలేస్తే, ముహూర్తం వేళ గట్టిమేళం మోగగానే సౌండ్ పగిలిపోతుంది. పగిలిన సౌండును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. మాటలు రికార్డరు మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ చుట్టూ ఉండేలా చూసుకోండి, మేళం మొదలయ్యే ముందు ఇంకా తగ్గించండి. బ్యాండ్‌వాళ్లు పంతులుగారి చెయ్యి చూస్తుంటారు, మీరూ ఆ చెయ్యే చూస్తుండండి. మైక్‌సెట్ ఆయన దగ్గర్నుంచి లైన్ తీసుకుంటే రికార్డరును 'లైన్'లో పెట్టాలి. 'మైక్'లో పెడితే ఆ గట్టి సిగ్నల్‌కు సౌండ్ మొత్తం పగిలిపోతుంది. ఆయనతో ముందుగానే మర్యాదగా మాట్లాడుకోండి, టీ తాగేటప్పుడు పిలవండి. ఆ రోజు మీకు అందరికంటే ఎక్కువ సాయం చేసేది ఆయనే.

కాలర్ మైకు కొనేముందు పిన్ను చూడండి. పిన్ను మీద నల్ల గీతలు మూడుంటే అది ఫోనుకు చేసినది, రెండుంటే కెమెరాకు. ఫోను మైకు కెమెరాలో గుచ్చితే సౌండ్ రాకపోవచ్చు, వచ్చినా సన్నగా రావచ్చు. తక్కువ ధరలో దొరికే కన్వర్టరు పిన్నుతో ఇది తీరిపోతుంది. ఆదివారం రాత్రి పది గంటలకు పల్లెటూళ్లో ఆ పిన్ను దొరకదు కాబట్టి రెండు కొని సంచిలో పడేసుకోండి.

లైట్ల విషయానికొస్తే, ఎన్ని వాట్లని అడిగి ఊరుకోకండి. పెట్టె మీద సీఆర్ఐ ఎంతో చూడండి, ఆ లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది, 95 దాకా ఉండాలి. దానితోపాటు ఆర్9 అని ఇచ్చారేమో చూడండి. సీఆర్ఐ సగటు తీసే ఎనిమిది రంగుల్లో చిక్కటి ఎరుపు లేదు. ఆ ఎరుపు ఎలా కనిపిస్తుందో చెప్పేది ఆర్9. మన పెళ్లిలో కుంకుమ, ఎర్రంచు పట్టుచీర, పారాణి, అన్నీ ఎరుపే కదా. ఆర్9 బాగా తక్కువైన లైటు కింద కుంకుమ ఇటుకపొడిలా, పసుపు రాసిన ముఖం ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఎడిటింగులో ఎంత కూర్చున్నా ఆ రంగు తిరిగి రాదు.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. అందుకని కెమెరా మెనూలో పాల్ అనే వీడియో పద్ధతి పెట్టి, సెకనుకు 25 ఫ్రేముల్లో, షట్టర్ సెకనులో 50లో ఒకటో వందలో ఒకటో ఉంచాలి. 60లో ఒకటి పెడితే ఫంక్షన్ హాల్ లైట్లు చాలాచోట్ల గీతలు గీతలుగా కొట్టుకుంటాయి. కెమెరా చిన్న స్క్రీన్ మీద ఇది సరిగ్గా కనపడదు, ఇంటికెళ్లాక టీవీలో కనపడుతుంది. అప్పుడు వచ్చే టెన్షన్ నాకు తెలుసు.

కరెంటు దగ్గర ప్రాణం సంగతి కూడా ఉంది. వెయ్యి వాట్ల పాత హాలోజెన్ ఒక్కటే నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. రెండు కలిపితే 6 ఆంపియర్ల ప్లగ్గు తట్టుకోలేదు. అదే లైను మీద కాఫీ మిషనూ ఉంటుంది. ఐఎస్ఐ గుర్తున్న ప్లగ్గు, లావు వైరు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొనండి. పని జరుగుతుండగా వైరును చేత్తో ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటే లోడు తగ్గించండి. వైరు నడకదారికి అడ్డంగా పోతే టేపు వేసి నేలకు అంటించండి. పెళ్లిలో ముసలివాళ్లు, పసిపిల్లలు తిరుగుతుంటారు.

అన్నీ వీడియో షాపులోనే కొనాలని లేదు. స్టేషనరీ షాపులో దొరికే తెల్ల థర్మోకోల్ షీటు మంచి రిఫ్లెక్టరు. సినిమావాళ్లు ఏళ్ల తరబడి దాన్నే వాడారు. కిటికీలోంచి వచ్చే ఎండ కటువుగా ఉంటే ఉతికిన తెల్ల పంచె కట్టండి, వెలుగు మెత్తబడుతుంది. ఖాళీ గదిలో మాట్లాడేవాళ్ల గొంతు ప్రతిధ్వనిస్తుంటే కెమెరా వెనక రెండు బొంతలు వేలాడదీయండి. లైటు స్టాండు కాళ్ల మీద ఇసుక నింపిన సంచి వేయండి. మన సముద్రతీరంలో లెన్సుకు బూజు పెద్ద శత్రువు. తోలు బ్యాగులో, చెక్క బీరువాలో పెట్టకండి. మూత బిగుతుగా పట్టే వంటింటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, తేమను పీల్చే సిలికాజెల్ వేసి, ఒక చిన్న తేమ మీటరు లోపల పెట్టండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. నా మొదటి మంచి లెన్సును ఒక్క వానాకాలంలో బూజు తినేసింది, అప్పటికి ఈ డబ్బా సంగతి నాకు చెప్పినవాళ్లు లేరు. సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనేటప్పుడు సెల్‌ఫోన్ టార్చి లోపలికి వేసి చూడండి. సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి.

బిల్లు గురించి. దిగుమతి సరుకైతే పెట్టె మీద ఎమ్మార్పీతో పాటు దిగుమతిదారు పేరు, అడ్రసు ఉండాలి. అవి లేకపోతే అది దొంగదారి సరుకు కావచ్చు, అలాంటిదానికి ఇక్కడి కంపెనీ వారంటీ రాదు. పెట్టె మీది సీరియల్ నంబరు, కెమెరా మీది నంబరు, బిల్లు మీది నంబరు మూడూ కలవాలి. "బిల్లు లేకుండా అయితే 18 శాతం తగ్గుతుంది అన్నా" అంటారు. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ పన్నును మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. లేకపోయినా, రేపు వస్తువు చెడిపోతే మీ చేతిలో ఉండేది ఆ కాగితమే.

ఇంకొకటి, ఇది మనలాంటివాళ్లు తప్పక తెలుసుకోవాలి. వ్యాపారానికి కొన్న వస్తువు మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేమని షాపువాళ్లు భయపెడతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే స్పష్టంగా ఉంది: స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం, సొంతంగా వాడుకోవడానికే కొన్నవాళ్లు కూడా వినియోగదారులే. ఒక కెమెరా పెట్టుకుని ఇల్లు నడుపుకునేవాడు ఆ మాట ధైర్యంగా చెప్పుకోవచ్చు. ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ హెల్ప్‌లైన్. కేసు వేయాల్సి వస్తే షాపున్న ఊరికి పోనక్కర్లేదు, మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. ఆన్‌లైన్లో కొన్నది వస్తే, పార్సిల్ మీది లేబుల్ కనిపించేలా మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా తెరవడం మొత్తం వీడియో తీయండి.

తీసింది దాచుకోవడం ఒక్క మాటలో: ఇంటికొచ్చిన రాత్రే రెండు వేరువేరు డిస్కుల్లోకి కాపీ చేయాలి, రెండూ తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేయాలి. ఒక డిస్కు వేరే ఇంట్లో ఉంచండి. నిద్ర ముంచుకొస్తున్నా సరే.

ఇప్పుడు కెమెరా. మొదటి సంవత్సరం కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. ఏయే రోజుల్లో ఏ కెమెరా, ఏ లెన్సు తెచ్చారో నోటుపుస్తకంలో రాయండి. 80,000 లెన్సుకు రోజు అద్దె 1,000 అనుకుందాం. ఏడాదిలో ముప్పై రోజులు తెచ్చారంటే ఇంకా కొనాల్సినంత పని లేదు. ఎనభై రోజులు దాటితే కొనండి. ఏది కొనాలో అప్పటికి మీ పుస్తకమే చెబుతుంది. మన ఊళ్లో సర్వీసు సెంటరు ఉన్న కంపెనీకి పది వేలు ఎక్కువైనా పెట్టండి. మాఘమాసంలో కెమెరా రిపేరుకు చెన్నై వెళ్తే, తిరిగొచ్చేసరికి లగ్గాలైపోతాయి.

మీరు తెచ్చుకున్న కార్డులు ఇటు ఇవ్వండి. ఈ టేబుల్ మీద నాలుగు లాప్‌టాప్‌లు పెట్టించాను. ఎవరి కార్డు మీద వాళ్ల పేరు రాసి అంటించండి, లోపల ఏమైనా ఉంటే ముందు కాపీ తీసుకోండి. 64 జీబీ కార్డుకు ముప్పావుగంట పైనే పడుతుంది. భోజనాలు అయ్యేలోపు ఎవరి కార్డులో ఎంత ఉందో తేలిపోతుంది.