గ్రాండ్ టెస్టు ఎప్పుడు రాయాలి?

విద్యార్థులకూ, వెంట వచ్చిన తల్లిదండ్రులకూ నమస్కారం.

మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌కి చదివేవాళ్లున్న ఇంట్లో డిసెంబరు వచ్చేసరికి ఒక ప్రశ్న తప్పదు. "సిలబస్ ఇంకా అవలేదు, గ్రాండ్ టెస్టులు ఇప్పుడే మొదలుపెట్టాలా?" జవాబు ముందే చెప్పేస్తాను. ఒక్కటి రాయండి. మిగతావి దాచుకోండి.

గ్రాండ్ టెస్టు అంటే అసలు పరీక్షలా మొత్తం సిలబస్ మీద రాసే పూర్తి పేపరు. అది రెండు సంగతులు చెబుతుంది: మీకు ఎంత వచ్చు, వచ్చినదాన్ని 180 నిమిషాల్లో ఓఎంఆర్ షీటు (జవాబుల గుండ్రాలు దిద్దే కాగితం) మీద పెట్టగలరా లేదా. సగం సిలబస్‌తో రాస్తే మొదటి సంగతే తేలుతుంది. అది మీకు ముందే తెలుసు. ఫిజిక్స్‌లో రొటేషన్ చాప్టరు చదవనివాడు రొటేషన్ లెక్క తప్పితే అందులో కొత్తగా తెలిసిందేముంది? అప్పటిదాకా చాప్టర్ టెస్టులు, ఒక సబ్జెక్టులో 45 ప్రశ్నల పార్ట్ టెస్టులు చాలు. డిసెంబరులో రాసే ఆ ఒక్క పేపరూ మార్కుల కోసం కాదు, మూడు గంటలు కదలకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో తెలియడానికి.

దానికి 2019 లేదా 2020 పేపరు తీసుకోండి. అప్పుడూ ఇప్పటిలాగే 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. 2021 నుంచి 2024 దాకా పేపర్లు వేరు. 200 ప్రశ్నలిచ్చి, ప్రతి విభాగంలో సెక్షన్ బీలోని 15లో 10 రాయమన్నారు. 2022 నుంచి సమయం 200 నిమిషాలు. 2025లో మళ్లీ పాత పద్ధతికి వచ్చారు. కాబట్టి ఆ నాలుగేళ్ల పేపర్లు రాసేటప్పుడు ప్రతి విభాగం సెక్షన్ బీలో ఏవో అయిదేసి ప్రశ్నలు ముందే కొట్టేయించి, 180 నిమిషాలే పెట్టుకోండి. కొట్టేసేది మీరు కాదు, ఇంట్లో ఇంకెవరైనా. మీరే కొట్టేస్తే కష్టమైనవి పోతాయి! ఇంకో మెలిక: 2024కి సిలబస్ తగ్గింది. సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, పాలిమర్స్ లాంటివి పాత పేపర్లలో ఉంటాయి. అలాంటివి 8 తీసేస్తే సమయంలోనూ 8 నిమిషాలు తీసేయాలి. లేకపోతే మీకు లేని వేగం ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంటర్ పబ్లిక్ పరీక్షల రోజుల్లో గ్రాండ్ టెస్టు జోలికి పోవద్దు. అవి అయ్యాక నీట్‌కి దాదాపు అయిదారు వారాలుంటాయి. అసలు టెస్టుల కాలం అదే. లాంగ్‌టర్మ్ వాళ్లకు, అంటే ఇంటర్ అయ్యాక మళ్లీ నీట్‌కే చదివేవాళ్లకు, సిలబస్ రెండోసారి కాబట్టి జనవరి నుంచే వారానికొకటి రాయొచ్చు.

ఆ అయిదారు వారాల్లో మూడు రోజులకొక టెస్టు, మొత్తం పది పన్నెండు. రోజుకొకటి ఎందుకు వద్దంటే, టెస్టు రాసిన రోజు మీరు నేర్చుకునేది తక్కువ, నేర్చుకునేది మర్నాడు. మొదటి రోజు రాయడం, రెండో రోజు తప్పులు చూడడం, మూడో రోజు ఆ తప్పులు వచ్చిన చాప్టర్లు తిరిగి చదవడం. మూడో రోజు ఎగ్గొడితే తర్వాతి టెస్టులో అవే తప్పులు, అవే మార్కులు. "ఎన్ని రాసినా పెరగట్లేదు" అనే మాట ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది.

తప్పులు చూడడమంటే కీ పెట్టి టిక్కులు కొట్టడం కాదు. ఒక నోట్‌బుక్‌లో ప్రతి తప్పు పక్కన కారణం రాయాలి: అసలు చదవలేదు, చదివి మరిచిపోయాను, లెక్కలో పొరపాటు, ప్రశ్న సరిగా చదవలేదు. "సరైనది కానిది ఏది" అన్నచోట సరైనది గుర్తించడం ఈ చివరి రకం. మొదటి రెండింటికీ మందు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం, మిగతా రెండింటికీ కాదు. లెక్క పొరపాట్లకు రఫ్ వర్కు వరుసగా రాయాలి. ప్రశ్న తప్పుగా చదివేవాళ్లు "కానిది", "మాత్రమే" కింద గీత గీసి ముందుకెళ్లాలి.

ఊహించి పెట్టిన జవాబుల పక్కన బుక్‌లెట్‌లోనే చుక్క పెట్టుకోండి. ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున ప్రశ్నకు పావు మార్కు వస్తుంది, అంటే దాదాపు ఏమీ లేనట్టే. రెండు ఆప్షన్లు ఖాయంగా కొట్టేయగలిగితే ఒకటిన్నర. చుక్క పెట్టినవి మూడు నాలుగు టెస్టుల్లో లెక్కేస్తే, మీరు "కొట్టేశాను" అనుకున్నవి నిజంగా కొట్టేయదగ్గవేనా అన్నది తేలిపోతుంది.

టెస్టు మధ్యాహ్నం 2 నుంచి 5 వరకే రాయండి. అసలు పరీక్ష ఆ వేళకే. ఉదయం ఆరింటికి చురుగ్గా రాసి, భోజనం చేసిన పూట కళ్లు మూతలు పడేవాళ్లు తక్కువేం కాదు. చేతి గడియారం తీసేయండి, హాల్లోకి రానివ్వరు. ఓఎంఆర్ షీటు మీద నల్ల బాల్ పెన్నుతోనే దిద్దండి. ఒక్కో గుండ్రానికి (బబుల్‌కి) నాలుగు సెకన్లు వేసుకున్నా 180కి 12 నిమిషాలు. దాన్ని చివరికి వదిలేస్తే ఒక వరుస జారి, కింద ఉన్నవన్నీ జారతాయి. పేజీ అయ్యాక పేజీ దిద్దడం మేలు. బయాలజీ 90 ప్రశ్నలు 45 నిమిషాల్లో, కెమిస్ట్రీ 50లో, ఫిజిక్స్ 65లో ముగిస్తే 20 మిగులుతాయి. బబ్లింగ్‌కి 12 పోగా, 8 నిమిషాలు వదిలేసినవాటికి. తెలుగు మీడియం ఎంచుకున్నవాళ్లు తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉన్న పేపర్లతోనే సాధన చేయాలి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. సాయంత్రం అయిదింటికి "ఎన్నొస్తాయి?" అని అడక్కండి. మర్నాడు "ఏ చాప్టర్లలో పోయాయి?" అని అడగండి. ఒక్కో సంస్థ పేపరు ఒక్కో కష్టంలో ఉంటుంది, 40 మార్కులు తగ్గినంత మాత్రాన చదువు తగ్గినట్టు కాదు.

2025 పేపరును ఏప్రిల్ మధ్యకు ఉంచుకోండి. ఫిజిక్స్ బాగా గట్టిగా వచ్చిన పేపరది, మొదట్లోనే రాస్తే బెదిరిపోతారు. ఆదివారం పరీక్ష అయితే చివరి గ్రాండ్ టెస్టు మంగళవారం. బుధవారం దాని తప్పులు. గురువారం నుంచి కొత్త పేపరు ముట్టుకోకుండా, ఆ తప్పుల నోట్‌బుక్కే మొదటి పేజీ నుంచి.