మీ ఇల్లు కట్టాక నీరు ఎటు పోతుంది?

అందరికీ నమస్కారం.

"ముంపు ప్రాంతాల్లో కట్టడాలకు ప్రత్యేక అనుమతులు" అని వెనక బ్యానర్ మీద రాశారు. చదవగానే సగం మందికి ఆవులింత వచ్చి ఉంటుంది. మీ తప్పేం లేదు. పర్మిషన్ అనగానే మనకు గుర్తొచ్చేది కౌంటరు, ఫైలు, "రేపు రండి" అనే మాట. ఈ గంటసేపు ఆ కౌంటరు సంగతి పక్కన పెట్టి, ఆ ఫైల్లో అడిగే ప్రశ్నల సంగతి మాట్లాడుకుందాం.

పాతికేళ్లుగా ప్లాన్లు చూడటమే నా పని. ప్లాను చేతికి రాగానే నేను గదులు, మెట్లు చూడను. ఇంటి గచ్చు ఎత్తు ఎంత అని వెతుకుతాను. చాలా ప్లాన్లలో ఆ అంకె ఉండదు. ఉన్నచోట కూడా "రోడ్డు మీద నుంచి మూడడుగులు" అని ఉంటుంది. రోడ్డును కొలతకు పెట్టుకోవడం కంటే పొరపాటు ఇంకోటి లేదు. పాతది గీకకుండా దాని మీదే కొత్త పొర వేసుకుంటూ పోతే పదేళ్లలో ఆ మూడడుగులు రెండడుగులవుతాయి. నదికి మీ రోడ్డుతో పనేముంది? అందుకే ముంపు ప్రాంతంలో ఎత్తు అంటే సముద్ర మట్టం నుంచి లెక్కగట్టిన ఎత్తు. దగ్గర్లోని బెంచ్‌మార్క్ నుంచి, అంటే సముద్ర మట్టం నుంచి ఎత్తు ముందే తేల్చి పెట్టిన గుర్తు నుంచి, సర్వేయర్ లెవెల్ పెట్టి తేవాల్సిన అంకె అది. వరద ఎత్తు, గచ్చు ఎత్తు ఒకే కొలబద్ద మీద ఉంటేనే రెంటినీ పోల్చగలం.

మామూలు బిల్డింగ్ పర్మిషన్ ముఖ్యంగా అడిగేది ఈ కట్టడం నిలబడుతుందా, పక్కవాళ్లకు గాలీ వెలుతురూ ఆగకుండా ఉంటాయా అని. ముంపు ప్రాంతంలో దానిపైన మరో రెండు ప్రశ్నలు చేరతాయి. నీళ్లొస్తే ఈ ఇంటికేమవుతుంది? ఈ ఇల్లు కట్టాక ఆ నీళ్లకేమవుతుంది? దరఖాస్తు చేసేవాళ్లలో చాలామంది మొదటిదానికి జవాబు తెచ్చుకుంటారు. అధికారి రెండోది అడిగితే "నా స్థలం, నా ఇల్లు" అని కోపం తెచ్చుకుంటారు. ఆ కోపం నేను చాలాసార్లు చవిచూశాను.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. "వందేళ్ల వరద" అన్న మాట వినే ఉంటారు. ఇంతకంటే మోసపుచ్చే పేరు ఇంజినీర్లు ఇంకోటి పెట్టలేదు. వందేళ్లకోసారి వచ్చే వరద అని అందరూ అనుకుంటారు. నిన్న వచ్చింది కాబట్టి ఇక మన మనవలకే అని ధైర్యం చెప్పుకుంటారు. దానర్థం ఏ సంవత్సరమైనా ఆ స్థాయి వరద రావడానికి 1 శాతం అవకాశం ఉందని. నిన్న వచ్చినా ఈ ఏడూ అదే 1 శాతం. 30 ఏళ్లు తీర్చే హోమ్ లోన్ తీసుకున్నారనుకోండి. ఆ 30 ఏళ్లలో కనీసం ఒక్కసారి ఆ వరద చూసే అవకాశం 26 శాతం. అంటే నాలుగో వంతు. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో కొన్ని పేటలు 2015, 2016, 2017ల్లో వరసగా మూడేళ్లూ మునిగాయి. 2018లో ఆ నగర పాలకులు ముంపు ప్రాంతాల్లో కొత్త ఇళ్ల గచ్చు "ఐదువందల ఏళ్ల వరద" (ఏటా 0.2 శాతం అవకాశమున్నది) మట్టానికి మరో రెండడుగులు పైన ఉండాలని రూలు మార్చారు. అలా లెక్కగట్టిన మట్టానికి పైన అదనంగా వదిలే ఎత్తును ఫ్రీబోర్డ్ అంటాం. లెక్కలో పొరపాట్లుంటాయి, వాన లెక్క చూసుకుని కురవదు, కొట్టుకొచ్చిన చెట్లు వంతెన కింద ఇరుక్కుంటాయి. వీటన్నిటికీ కలిపి ఆ రెండడుగులు.

ఈ 1 శాతం వరద ఎక్కడిదాకా వస్తుందో మ్యాపు మీద గీసే గీతే చాలా దేశాల్లో పర్మిషన్ వ్యవస్థకు ఆధారం. అమెరికాలో 1968లో వరద బీమా చట్టం వచ్చింది. ఊరు తన హద్దుల్లో ముంపు ప్రాంతపు కట్టడాలకు విడిగా అనుమతి పెట్టి అమలు చేస్తేనే ఆ ఊరివాళ్లకు ఆ బీమా దొరుకుతుంది. పర్మిషన్‌కు అసలు బలం బీమా పాలసీయే ఇచ్చిందన్నమాట. ఇంగ్లండ్‌లో దారి వేరు. అక్కడ మ్యాపును జోన్లుగా విడదీస్తారు. నదివల్ల ఏటా 1 శాతం, అంతకు మించి ముప్పున్నది జోన్ 3. కట్టడానికి వెళ్తే "ఇంతకంటే తక్కువ ముప్పున్న చోటు మీకు దొరకలేదా?" అని ముందు అడుగుతారు. దొరకలేదని చూపించాకే మిగతా మాటలు. నాకు ఆ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది. ఎలా కట్టాలని అడిగే ముందు అసలు ఇక్కడ ఎందుకని అడగడం మర్యాద.

ఇక అసలు విషయానికి వద్దాం. మట్టి ఫిల్లింగ్.

పల్లపు స్థలం కొన్నవాళ్లెవరైనా మొదట చేసేది లారీలతో మట్టి తోలించడమే. ఎత్తు పెరిగింది, ముప్పు తప్పింది అనుకుంటారు. ఒకసారి లెక్క వేద్దాం. 500 చదరపు మీటర్ల స్థలం, ఒక మీటరు ఎత్తున మట్టి పోశారు. 500 ఘనపు మీటర్ల చోటు నిండిపోయింది. వరద వచ్చిన రోజు ఆ చోట నిలవాల్సిన నీళ్లు ఐదు లక్షల లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లయితే 50. ఆ 50 ట్యాంకర్ల నీళ్లు మాయమైపోవు. పక్కవాళ్ల స్థలానికో, ఎదుటి ఒడ్డుకో, దిగువకో పోతాయి. మీరొక్కరే పోస్తే తేడా కంటికి ఆనదు. మీ తర్వాత మీ వరసలో 40 మంది పోస్తారు. అప్పుడు 2,000 ట్యాంకర్లు. ఏ ఒక్కరి ఫైలు చూసినా తప్పు కనిపించదు, మొత్తం పేట మాత్రం మునుగుతుంది. ఈ పని నేర్చుకోవడంలో కష్టమైనది ఇదే.

అందుకే చాలాచోట్ల అనుమతికి ఒక షరతు పెడతారు. ఎంత మట్టి పోశారో అంత మట్టి అదే ప్రాంతంలో, అదే మట్టంలో మరోచోట తవ్వి తీయాలి. "అదే మట్టంలో" అన్న రెండు మాటలు చదవకుండా సంతకం పెట్టకండి. కొండవైపు ఎత్తులో గుంట తవ్వి లెక్క సరిపోయిందంటే సరిపోదు, వరద అక్కడిదాకా ఎక్కదు. నదికంటే లోతుగా చెరువులా తవ్వితే అది ముందే ఊట నీళ్లతో నిండి ఉంటుంది. వరద వచ్చే వేళకు ఖాళీగా ఉండే గుంటే లెక్కలోకి వస్తుంది.

ముంపు ప్రాంతంలో కూడా రెండు భాగాలున్నాయి. నీళ్లు నిలిచే భాగం ఒకటి, పరుగెత్తే భాగం ఒకటి. రెండోదాన్ని ఫ్లడ్‌వే అంటారు. నిలిచే చోట షరతులతో కట్టనిస్తారు. పరుగెత్తే చోట కట్టాలంటే మాత్రం, నీటి మట్టం కొంచెం కూడా పెరగదని ఇంజినీరు లెక్కలు కట్టి సంతకం పెట్టాలి. హెక్-రాస్ అని అమెరికా సైన్యపు ఇంజినీర్లు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితంగా దొరుకుతుంది. నదిని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాలు, వంతెనలు, నది అడుగు గరుకుతనం అన్నీ దానికిస్తే మీ కట్టడానికి ముందు మట్టమెంత, తర్వాత ఎంత అని చెబుతుంది. అమెరికా రూలులో, నిలిచే భాగమంతా కట్టడాలతో నిండిపోయినా వరద మట్టం ఒక్క అడుగుకు మించి పెరగకుండా ఫ్లడ్‌వే గీత గీస్తారు. ఒక్క అడుగేగా అనిపిస్తుంది. గడపకు అరడుగు కింద ఆగిపోయే నీళ్లు ఆ అడుగుతో మంచం కిందకొస్తాయి. ఆ అడుగు ఎవరి గడపదో రూలు చెప్పదు. అందుకే అక్కడే కొన్ని రాష్ట్రాలు అంతకంటే చాలా తక్కువే ఒప్పుకుంటాయి.

ఇప్పుడు ఇంటి సంగతి. నీటి బలం గురించి మనకున్న అంచనా చాలా తక్కువ. మీటరు లోతున నిలిచిన నీరు గోడను ప్రతి మీటరు పొడవునా సుమారు 500 కిలోల బలంతో నెడుతుంది. పది మీటర్ల గోడకు ఐదు టన్నులు. లోతు రెండు మీటర్లయితే పది టన్నులనుకుంటారు. కాదు, 20. లోతు రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. ఇది కదలకుండా నిలబడ్డ నీటి లెక్కే. పారే నీరు, దుంగలు తెచ్చే నీరు వేరే కథ.

దీనికి ఒక చిన్న ఉపాయముంది. చూడటానికి ఇంజినీరింగ్ అనిపించదు. వరద మట్టానికి కింద ఉన్న భాగంలో గోడలకు కన్నాలు పెట్టడం. నీళ్లను లోపలికి రానివ్వాలి. లోపలా బయటా ఒకే మట్టముంటే గోడను రెండువైపుల నుంచీ సమానంగా నెడతాయి, గోడ నిలుస్తుంది. అమెరికా రూలు ప్రకారం లోపలి విస్తీర్ణం ప్రతి చదరపు అడుగుకూ ఒక చదరపు అంగుళం ఖాళీ ఉండాలి. 300 చదరపు అడుగుల పార్కింగు మూసి ఉంటే 300 చదరపు అంగుళాలు. 16 అంగుళాలకు 8 అంగుళాల కన్నాలు మూడు పెడితే సరిపోతుంది. కనీసం రెండుండాలి. కన్నం అడుగు అంచు నేలకు ఒక అడుగులోపే ఉండాలి. పైన పెడితే నీళ్లు అక్కడికొచ్చేలోపే గోడ పోతుంది. ఒక ఇంటికి తనిఖీకి వెళ్తే కన్నాలన్నీ లెక్క ప్రకారం చక్కగా ఉన్నాయి. లోపలి నుంచి ప్లైవుడ్ బిగించేశారు. ఎలకలొస్తున్నాయట. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. మెష్ బిగించుకోమని చెప్పి వచ్చాను.

నేలకింద ఖాళీ ట్యాంకు కూడా పడవే. మూడు మీటర్ల పొడవు, రెండు వెడల్పు, రెండు లోతు ఉన్న ట్యాంకు చుట్టూ నీళ్లు చేరితే దాన్ని పైకి తోసే బలం 12 టన్నులు. సెప్టిక్ ట్యాంకులు, డీజిల్ ట్యాంకులు నేల చీల్చుకుని పైకి లేవడం ఇలాగే. అందుకే వాటిని స్లాబుకు కట్టి ఉంచాలని పర్మిషన్‌లో రాస్తారు.

కరెంటు సంగతి ఒక్క ఉదాహరణతో వదిలేస్తాను. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగా ఉన్నాయి. వాటికి ఇంధనం పంపే పంపులు మాత్రం బేస్‌మెంట్‌లో ఉన్నాయి, మునిగిపోయాయి. సిబ్బంది మెట్ల మీద వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ ఇంధనం పైకి మోశారు. ప్లానులో జనరేటర్ ఎక్కడుందని అందరూ చూస్తారు. దాని పంపు, దాని వైరు, దాని స్విచ్ బోర్డు ఎక్కడున్నాయో కూడా చూడండి. లిఫ్ట్ గుంతను మరిచిపోకండి.

నా అనుభవంలో పర్మిషన్ వ్యవస్థ ఓడిపోయేది మాత్రం కౌంటరు దగ్గర కాదు, గృహప్రవేశం అయిన మూడేళ్లకు. ఇల్లు స్తంభాల మీద ఎత్తుగా కట్టారు, కింద స్టిల్ట్ ఖాళీ. అంతా బాగుంది. కొన్నాళ్లకు అక్కడ వాచ్‌మన్‌కు ఒక గది వస్తుంది. తర్వాత ఒక ట్యూషన్ సెంటరు, ఆ తర్వాత చుట్టూ గోడ, అద్దెకు ఒక పోర్షన్. ముంపు ఎత్తు కిందే, తక్కువ అద్దె కోసం వచ్చిన కుటుంబం పడుకుంటుంది. ఆ ఇంటి ఫైల్లో మాత్రం ఖాళీ స్టిల్టే ఉంటుంది. కొన్ని ఊళ్లలో దీనికి విరుగుడుగా కింది భాగాన్ని గదులుగా మార్చబోమని యజమాని చేత రాయించి, ఆస్తి పత్రాలతోనే రిజిస్టర్ చేయిస్తారు. ఇల్లు కొనేవాడికి ఆ కాగితం కనిపిస్తుంది. పోలీసుల్ని పెట్టినా జరగని పని ఆ ఒక్క కాగితంతో కొంత జరుగుతుంది.

పాత ఇళ్ల విషయంలో కూడా ఇలాంటి కిటుకు ఒకటుంది. రూలు రాకముందు కట్టిన ఇంటిని ఎవరూ కూల్చమనరు. కానీ మరమ్మతు ఖర్చు ఆ ఇంటి విలువలో సగానికి చేరితే కొత్త ఇంటి కిందే లెక్క, ఎత్తు పెంచాల్సిందే. అమెరికాలో ఈ 50 శాతం రూలు ఉంది. వరదలో దెబ్బతిన్న ఇంటాయనకు అదే చోట అలాగే కట్టుకోవడానికి వీల్లేదని చెప్పాల్సింది ఇలాంటప్పుడే. ఇంట్లో బురద ఇంకా ఆరని మనిషికి ఆ మాట చెప్పాలి. ఈ ఉద్యోగంలో నాకు నిద్రపట్టని రాత్రులు అవే.

కొన్నిచోట్ల ఈ బేరాలన్నీ వదిలేసి స్థలాన్నే నీటికి తిరిగిచ్చారు. 1972 జూన్ 9 రాత్రి అమెరికాలోని ర్యాపిడ్ సిటీలో వాగు పొంగి 238 మంది చనిపోయారు. ఆ తర్వాత వాగు వెంట ఇళ్లు మళ్లీ కట్టనివ్వకుండా ఊరి మధ్య పొడవునా పార్కుగా వదిలేశారు. నెదర్లాండ్స్‌లో 1995లో నదులు పొంగి రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాక, కరకట్టలు ఇంకా ఎత్తు పెంచడానికి బదులు నదికే చోటు పెంచే పథకం పెట్టుకున్నారు. నైమెగన్ ఊరి దగ్గర కరకట్టను 350 మీటర్లు వెనక్కి జరిపారు. దానికోసం 50 దాకా ఇళ్లు తీసేయాల్సి వచ్చింది. పోయిన ఇళ్లవాళ్లు సంతోషంగా వెళ్లారని ఎవరూ అనరు.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది. మూడో వరసలో ఒకాయన మట్టి ఫిల్లింగ్ మాట వచ్చినప్పటి నుంచీ చెయ్యెత్తే ఉన్నారు. అయ్యా, మీ స్థలంలో ఇప్పటికే ఎన్ని లారీలు తోలించారో ముందు చెప్పండి, తర్వాత మీ ప్రశ్న విందాం.