రథం పక్కన పరుగు: నేటి సువార్త పరిచర్యలో రేడియో

అధ్యక్షులకు, సంఘ కాపరులకు, స్టూడియోల్లో పనిచేసే సోదర సోదరీలకు ప్రభువు నామంలో వందనాలు.

రేడియో పరిచర్య గురించి మాట్లాడేవాళ్లు చాలామంది రోమా 10:14తో మొదలుపెడతారు. "ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" మంచి వాక్యమే. నేను మాత్రం అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంతో మొదలుపెడతాను. ఐతియొపీయుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. సువార్తికుడు ఫిలిప్పు పరుగెత్తుకు వెళ్లి ఆ చదువు విన్నాడు, అర్థమవుతోందా అని అడిగాడు. దారి చూపేవాళ్లు లేకపోతే ఎలా తెలుస్తుందని ఆయన అన్నాడు, వచ్చి కూర్చోమన్నాడు. అప్పుడు ఫిలిప్పు రథం ఎక్కాడు. రేడియోకి పరుగెత్తడం వచ్చు, రథం ఎక్కడం రాదు. ఎక్కే మనిషిని, అంటే విన్నవాళ్లతో మాట్లాడే మనిషిని, ముందే సిద్ధం చేసుకోకుండా మొదలుపెట్టిన ప్రసారం సగం పనే. ఈరోజు నేను చెప్పేదంతా ఆ రెండో సగం గురించే, కాకపోతే మొదటి సగం గుండానే అక్కడికి వెళ్లాలి.

చరిత్ర క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 1921 జనవరి 2న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ స్టేషన్ కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి ఆరాధనను ప్రసారం చేసింది. 1931 ఫిబ్రవరిలో వాటికన్ రేడియో మొదలైంది, దాన్ని కట్టింది రేడియోకు ఆద్యుడైన సాక్షాత్తూ మార్కోని. అదే ఏడాది క్రిస్మస్ రోజున ఈక్వడార్ రాజధాని కీటోలో హెచ్‌సీజేబీ అనే క్రైస్తవ స్టేషన్ గొంతు విప్పింది. 1948లో మనీలా నుంచి ఫార్ ఈస్ట్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ, 1954లో లైబీరియా నుంచి ఈఎల్‌డబ్ల్యూఏ స్టేషన్, 1963లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా నుంచి లూథరన్ల స్టేషన్ ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. అప్పట్లో లెక్క సులువు. మిషనరీ అడుగుపెట్టలేని చోటికి గొంతు పంపాలి. పెద్ద స్తంభం, పెద్ద ట్రాన్స్‌మిటర్ ఉంటే చాలనుకున్నారు.

కీటోది ఒక ముచ్చట ఉంది. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 2,800 మీటర్ల ఎత్తున ఉంటుంది. గాలి పలచన. యాంటెన్నా కడ్డీల కొసల దగ్గర విద్యుత్తు నిప్పులు చిమ్మి లోహాన్ని కరిగించేసేది. క్లారెన్స్ మూర్ అనే ఇంజనీరు కొసలే లేని యాంటెన్నా అయితే ఏం పోయిందని తీగను చతురస్రంగా చుట్టేశాడు. సరదాకి సొంత రేడియో నడిపే హామ్ రేడియోవాళ్లు ఈనాటికీ వాడుతున్న క్వాడ్ యాంటెన్నా అలా పుట్టింది.

కానీ పెద్ద స్టేషన్లు పోవడం కూడా పెద్దగానే పోతాయి. అడిస్ అబాబా స్టేషన్‌ను 1977లో సైనిక ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. లైబీరియా స్టేషన్ 1990లో అంతర్యుద్ధంలో ధ్వంసమైంది. మనీలా నుంచి ఆసియా భాషల్లో వినిపించిన కథోలిక స్టేషన్ రేడియో వెరితాస్ ఆసియా 2018లో దూరదేశాలకు చేరే షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆపేసి ఇంటర్నెట్‌కు మారింది. ఒక్క స్తంభాన్నే నమ్ముకున్న పరిచర్యకు ఆ స్తంభంతోపాటే నోరు మూతపడుతుంది. అందుకే ఒకే కార్యక్రమాన్ని మూడు నాలుగు దారుల్లో పంపాలి. ఏ దారి ఎవరికన్నది మాత్రం వినేవాళ్ల చేతిలో ఏముందో చూసి తేల్చుకోవాలి.

షార్ట్‌వేవ్ ఇంకా చావలేదు. సరిహద్దు దాటాల్సిన చోట, ఇంటర్నెట్‌కు కావలి ఉన్న చోట దానికి సాటి లేదు. దాని గుణం తెలుసుకుని వాడాలి. అలలు పైనున్న అయనోస్ఫియర్ పొరను తాకి కిందికి వంగుతాయి. పగలు 13, 15, 17 మెగాహెర్ట్జ్ లాంటి పై ఫ్రీక్వెన్సీలు పనిచేస్తాయి. రాత్రి ఆ పొర పలచబడి అవే అలలు అంతరిక్షంలోకి జారిపోతాయి కనుక 6, 7 మెగాహెర్ట్జ్ ప్రాంతానికి దిగాలి. ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం, ప్రపంచమంతటా షార్ట్‌వేవ్ పట్టికలు మారతాయి. శ్రోతలు రాలిపోయేది ఎక్కువగా ఆ వారాల్లోనే. మారబోతున్న ఫ్రీక్వెన్సీని కనీసం మూడు వారాల ముందు నుంచి రోజూ చెప్పాలి.

మీడియం వేవ్ రాత్రిపూట వందల కిలోమీటర్లు వెళుతుంది. దాని కొత్త శత్రువు ఇంట్లోనే ఉంది. చవకరకం ఎల్‌ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు గరగర పెడతాయి. కిటికీ దగ్గర కూర్చుని, ఛార్జర్ పీకేసి వినమని కార్యక్రమంలోనే చెప్పండి.

ఎఫ్‌ఎం విషయంలో సంఘాలు చేసే తప్పు ఒకటుంది. డబ్బంతా వాట్ల మీద పోస్తారు. వాట్లు రెట్టింపు చేస్తే వచ్చే లాభం 3 డెసిబెల్స్ (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం), వినేవాడి చెవికి అది అంతంతమాత్రం. ఎఫ్‌ఎం దాదాపు చూపు ఆనినంత దూరమే వెళుతుంది. కాబట్టి స్తంభం ఎత్తే ముఖ్యం. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. 30 మీటర్ల స్తంభానికి సుమారు 22 కిలోమీటర్లు. కొండ అడ్డొస్తే అదీ ఉండదు. ఇక స్టేషన్‌ను నిశ్శబ్దంగా చంపేది నీళ్లు. యాంటెన్నా కనెక్టర్‌లోకి తేమ దిగితే పంపిన శక్తి వెనక్కి తిరిగి ట్రాన్స్‌మిటర్‌ను కాలుస్తుంది. వెనక్కి తిరిగే శక్తిని చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు 1.5 దాటిందంటే ప్రార్థన చేస్తూ కూర్చోకండి, శక్తి తగ్గించి కనెక్టర్ విప్పి చూడండి. కేబుల్ గది లోపలికి వచ్చే ముందు కిందికి ఒక వంపు వదిలితే వాన నీరు అక్కడే కారిపోతుంది. లైసెన్సు లేని ప్రసారం మాట ఎత్తను. సాక్ష్యం చెప్పేవాడు చట్టం తప్పితే ఆ సాక్ష్యానికి విలువ ఉండదు.

సిగ్నల్ అందని చోటికి కార్యక్రమాలు నింపిన మెమరీ కార్డు వెళుతుంది. చదువు రాని పెద్దవాళ్లకు సోలార్ ప్లేయరు వెళుతుంది. నా లెక్కలో ఇవీ రేడియోయే. గొంతు ఒకటే, మోసుకెళ్లే బండి వేరు.

ఇక ఆ గొంతు గురించి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. ఎదురుగా పెడితే ప, బ, భ పలికినప్పుడల్లా ఊపిరి మైకును కొడుతుంది. ఫ్యాను ఆపాలి. గదిలో చప్పట్లు కొట్టి చూడండి, మోత తిరిగి వినిపిస్తే గోడలకు మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. రికార్డింగులో అత్యధిక స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. ఒకసారి చిట్లిన ధ్వనిని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

వేదిక మీద ప్రసంగించేవాళ్లకు రేడియో కష్టం. అక్కడ వెయ్యిమంది ఒకేసారి వింటారు, ఇక్కడ వింటున్నది ఒక్కరే. వంట చేస్తున్న ఆమెతోనో, రాత్రి కాపలా ఉన్న అతనితోనో మాట్లాడుతున్నట్టు ఉండాలి. "మీరందరూ" అనకండి, "మీరు" అనండి. కేకలు పెడితే చేయి మీట మీదికి వెళుతుంది.

స్టేషన్ ఇచ్చే పావుగంట స్లాటంటే మన చేతికి వచ్చేది సుమారు 14 నిమిషాల 30 సెకన్లు. సంగీతం, పరిచయం, చిరునామా పోను మాటకు మిగిలేది 12 నిమిషాలు. తెలుగు మాటలు పొడుగు, నిమిషానికి 90 నుంచి 100 మాటలే హాయిగా పలకగలం. అంటే 1,100 మాటలు. అందులో పట్టేది ఒక్క వాక్యభాగం, ఒక్క సంగతి. మూడు అంశాల ప్రసంగాన్ని తెచ్చి ఇందులో కుక్కితే వడివడిగా చదవడం తప్ప దారి ఉండదు. రేడియోలో పేజీ వెనక్కి తిప్పడం కుదరదు, అందుకని ముఖ్యమైన మాటను వేరువేరు మాటల్లో మూడుసార్లు చెప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది మన సంఘ భాష. మనకు "రక్షణ" అంటే పాపవిమోచన. బయటివాళ్లకు అది సైన్యం, పోలీసులు. "సాక్ష్యం" అంటే వాళ్లకు కోర్టు గుర్తొస్తుంది. "సంఘం" అంటే కార్మికులదో కులానిదో అనుకుంటారు. "పరిచర్య" అంటే రోగికి చేసే సేవ. నాలుగు మాటలూ స్వచ్ఛమైన తెలుగే, నాలుగూ తప్పు తలుపు తీస్తాయి. ఈ మాటలు వాడొద్దని కాదు, మొదటిసారి పలికినప్పుడు ఒక వాక్యంలో విప్పి చెప్పండి. స్క్రిప్టు పూర్తయ్యాక చర్చి గడప తొక్కని ఒక మనిషికి చదివి వినిపించండి. ఆయన నుదురు ముడిపడిన చోటల్లా గీత గీయండి.

రెండు విషయాల్లో ఖచ్చితంగా ఉండాలి. ఇతరుల దేవుళ్లను, ఆచారాలను కించపరిచే వాక్యం ఒక్కటి కూడా వెళ్లకూడదు. స్టూడియోలో ఉన్న మనకేమీ కాదు. ఆ మాట వినిపించిన ఇంట్లో రేడియో పెట్టినవాళ్లకు దెబ్బలు పడతాయి. రెండోది స్వస్థత సాక్ష్యాలు. "ప్రార్థన చేశాక మందులు మానేశాను" అన్న మాట రికార్డింగులో ఉంటే కోసేయండి. క్షయ మందులు మధ్యలో ఆపితే జబ్బు మందులకు లొంగని రకంగా తిరగబడుతుంది. ఇన్సులిన్ తప్పనిసరైనవాళ్లు మానేస్తే రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. దేవుడు బాగుచేశాడన్న మాట డాక్టరు పరీక్షతో చెడిపోదు.

ఇప్పుడు రథం ఎక్కే పని. ఫోను నంబరును రెండేసి అంకెలుగా, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పండి. ఒకసారి మధ్యలో, ఒకసారి చివర. చివర మాత్రమే చెబితే కలం వెతుక్కునేలోగా కార్యక్రమం అయిపోతుంది. మిస్డ్ కాల్ ఇస్తే చాలు, మేమే చేస్తామనండి.

తిరిగి చేసేటప్పుడు ఆ ఫోను మిస్డ్ కాల్ ఇచ్చిన ఆమెది కాకపోవచ్చు, భర్తదో అన్నదో కావచ్చు. అవతల గొంతు వినగానే కార్యక్రమం పేరు చెప్పకండి. "ఈ నంబరు నుంచి కాల్ వచ్చింది, ఇప్పుడు మాట్లాడవచ్చా?" అనండి చాలు. ఒక రోజులోపు, వాళ్లు చేసిన వేళకే చేయండి. ఆ వేళకు ఫోను వాళ్ల చేతిలో ఉండే అవకాశం ఎక్కువ. అడగకుండా మెసేజి పంపకండి, అది తెరమీద అలాగే ఉండిపోతుంది. పుస్తకంలో రాసుకోవలసింది కొంచెమే. పిలవమన్న పేరు, భాష, దగ్గరి ఊరు, ఏ వేళకు చేయాలి, ఏం అడిగారు, మళ్లీ ఎవరు ఎప్పుడు చేస్తారు. కులం, ఆదాయం, ఫొటో మనకు అక్కర్లేదు. రాసుకోనిది ఎవరి చేతికీ చిక్కదు. స్థానిక కాపరికి వివరాలు ఇచ్చేది వాళ్లు సరేనన్నాకే. ఆ కాపరి మొదటి రోజే గుంపుగా ఇంటికి వెళ్లకుండా ముందే చెప్పి ఉంచాలి.

చనిపోవాలనిపిస్తోందని చెప్పేవాళ్ల ఫోన్లు తప్పకుండా వస్తాయి. దగ్గర్లోని ఆసుపత్రి, సహాయ కేంద్రాల నంబర్లు బల్ల మీద అంటించి ఉండాలి. ఆ కాల్ తీసుకున్న సహోదరిని ఆ రోజు ఇంకో కాల్‌కు కూర్చోబెట్టకండి.

లెక్క చూద్దాం. ఒక సంభాషణకు పావుగంట, రాసుకోవడానికి ఐదు నిమిషాలు. గంటకు ముగ్గురు, నాలుగు గంటలకు పన్నెండుమంది. రోజుకు 60 మంది మిస్డ్ కాల్ ఇస్తే ఐదుగురు కావాలి. మీ దగ్గర ఇద్దరే ఉంటే రోజుకు 36 మంది జవాబు లేకుండా మిగిలిపోతారు. అలాంటప్పుడు కొత్త స్టేషన్‌లో స్లాటు కొనకండి, ముగ్గురిని తర్ఫీదు చేయండి. వార్షిక నివేదికలో కాల్స్ సంఖ్య కాకుండా వేర్వేరు నంబర్ల సంఖ్య రాయండి. ఒక్కరే నలభైసార్లు చేయడం మామూలే. ఎంతమందికి తిరిగి చేశాం, ఎంతమంది కలిసి వినే ఒక గుంపులో కుదురుకున్నారు అన్నవి పక్కన రాయండి. ఆ అంకెలు చిన్నగా ఉంటాయి, దాతలకు అంతగా నచ్చకపోవచ్చు.

గుంపంటే ఎనిమిది నుంచి పన్నెండుమంది. ఒక ప్లేయరు, పావుగంట కార్యక్రమం, మూడు ప్రశ్నలు: ఏం విన్నాం, ఏది అర్థం కాలేదు, ఈ వారం ఏం చేద్దాం. నడిపించేవాళ్లు ప్రసంగం మొదలుపెడితే గుంపు నెలలోగా పలచబడుతుంది.

విపత్తు వేళ రేడియో పాత్ర పూర్తిగా మారుతుంది. 2013 నవంబరులో హైయాన్ తుఫాను ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్‌ను తుడిచిపెట్టినప్పుడు, పెట్టెల్లో మోసుకెళ్లే చిన్న ఎఫ్‌ఎం స్టేషన్‌తో క్రైస్తవ రేడియో బృందం కొద్దిరోజుల్లోనే అక్కడ ప్రసారం మొదలుపెట్టింది. నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, వైద్యం ఎక్కడ, తప్పిపోయినవాళ్లు ఎక్కడ అన్నవే అప్పుడు అసలు కార్యక్రమం. ఇలాంటి పనికి దిగేవాళ్లు స్థానిక అధికారుల అనుమతి ముందే మాట్లాడుకోవాలి, ధ్రువీకరించని వార్త ఒక్కటీ చదవకూడదు. ఫలానా చోట బియ్యం పంచుతున్నారన్న తప్పుడు మాట జనాన్ని తొక్కిసలాటలోకి నెడుతుంది.

కొత్తగా మొదలుపెట్టే సంఘాలకు ఒక్క మాట. వారానికి ఒక కార్యక్రమం అనుకుంటే, మొదటి ప్రసారం నాటికి 13 కార్యక్రమాలు పూర్తయి చేతిలో ఉండాలి, అంటే మూడు నెలల నిల్వ. ఫోను దగ్గర కూర్చునేవాళ్ల పేర్లు, వేళలు కాగితం మీద రాసి ఉండాలి. ఆ కాగితం ఖాళీగా ఉంటే స్టేషన్‌కు కట్టే అడ్వాన్సు ఇంకా కట్టకండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.