చార్లీ వాట్స్ కుడిచేయి

అధ్యక్షులకు, ఆదివారం సాయంత్రం ఇల్లూ పిల్లలూ వదిలి ఇక్కడికి వచ్చిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం. రాక్ సంగీత చరిత్రను గంటసేపట్లో స్థూలంగా పరిచయం చేయమని నన్ను పిలిచారు. అందుకు తగ్గట్టు నోట్సు కూడా రాసుకొచ్చాను. కానీ ఇరవై ఏళ్లకు పైగా నన్ను వదలని ఒక పొరపాటును ముందుగా మీతో చెప్పుకోవాలి. అది చెప్పాక చరిత్రకు సమయం మిగలకపోతే మన్నించండి.

రోలింగ్ స్టోన్స్ బృందం మన దేశంలో తొలి కచేరీ చేసింది 2003 ఏప్రిల్ 4న, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. 1962లో లండన్‌లో పుట్టిన ఆ బృందం ఇక్కడ వాయించడానికి నలభై ఏళ్లు పట్టింది. సార్స్ అంటువ్యాధి భయంతో హాంకాంగ్, చైనా కచేరీలు అప్పటికే రద్దయ్యాయి కనుక, ఇదీ రద్దవుతుందేమోనని కాచిగూడలో రైలెక్కేదాకా మాకు గుబులుగానే ఉంది. నాకు అప్పుడు 38 ఏళ్లు, గాయకుడు మిక్ జాగర్‌కు 59. ఈ వయసులో వీళ్లేం పాడతారులే, చూశామని చెప్పుకోవడానికైనా పనికొస్తుంది అని నేనూ నా స్నేహితుడూ రైల్లో అనుకున్నాం. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

కచేరీ సాగినంతసేపూ నా కళ్లు జాగర్ వెంటే పరిగెత్తాయి. వేదిక వెనుక భాగాన, ఒక చిన్న డ్రమ్స్ సెట్టు ముందు తలవంచుకుని కూర్చున్న 61 ఏళ్ల చార్లీ వాట్స్‌ను నేను చూడనే లేదు. విన్నాను, నిజమే, ఆ దెబ్బ లేకపోతే జాగర్ అడుగు పడదు. కానీ చూడలేదు.

చూసి ఉంటే ఏం కనిపించేదో చెబుతాను. డ్రమ్స్‌కు ఒక పక్కన హై-హ్యాట్ అని కాలితో తొక్కితే మూసుకునే జంట తాళాలు ఉంటాయి. మామూలు డ్రమ్మర్ కుడిచేత్తో వాటిని ఎడతెగకుండా కొడుతూనే, నాలుగు దెబ్బల లెక్కలో రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ ఎడమచేత్తో స్నేర్ డ్రమ్, అంటే ఎదురుగా ఉండే పదునైన శబ్దపు చిన్న డ్రమ్, వాయిస్తాడు. చార్లీ వాట్స్ మాత్రం స్నేర్ మీద దెబ్బ పడే క్షణంలో కుడిచేతిని తాళాల మీద నుంచి ఎత్తేస్తాడు. పొయ్యి మీది గిన్నెను వేలితో తాకి, చటుక్కున వెనక్కి తీసుకున్నట్టు ఉంటుంది. అక్కడ తాళం పలకదు, స్నేర్ ఒక్కటే వినిపిస్తుంది. దానివల్ల ఆ దెబ్బ చుట్టూ కొంచెం ఖాళీ ఏర్పడుతుంది, పాట ఆ ఖాళీలో ఊగుతుంది. దీనికి తోడు, అందరూ డ్రమ్మర్‌ను అనుసరిస్తే ఈ బృందంలో మాత్రం చార్లీయే కీత్ రిచర్డ్స్ గిటార్‌ను అనుసరిస్తాడని వాళ్ల పాత బేస్ వాద్యకారుడు బిల్ వైమన్ చెప్పాడు. వెంట్రుకవాసి ఆలస్యంగా పడే ఆ దెబ్బను నేర్చుకుని రాబట్టలేం. అది ఇద్దరు మనుషులు దశాబ్దాలపాటు ఒకరి ఊపిరిని ఒకరు వింటే వచ్చేది.

వృద్ధ బృందాల కచేరీకి వెళ్లవద్దనేవారికి నా జవాబు ఇదే. గొంతు తగ్గింది, వేగం తగ్గింది అంటారు. తగ్గుతాయి. వయసు మీదపడిన విద్వాంసుడు శ్రుతి దించుకుని పాడితే మన సభల్లో ఎవరైనా లేచి వెళ్తారా? పై షడ్జమం అందని చోట ఆయన ఏం చేస్తాడా అని చెవులు రిక్కిస్తాం. ఆ మర్యాద జెనెసిస్ అనే ఇంగ్లిష్ రాక్ బృందానికి మాత్రం ఎందుకు ఇవ్వకూడదు? 2022 మార్చి 26న లండన్‌లో జరిగిన చివరి కచేరీలో ఫిల్ కాలిన్స్ కుర్చీలో కూర్చుని పాడాడు. ఒకప్పుడు తాను వాయించిన డ్రమ్స్‌ను ఆ రోజు అతని కొడుకు వాయించాడు. 2025 జులై 5న పార్కిన్సన్స్ వ్యాధితో ఉన్న బ్లాక్ సబ్బాత్ బృందం గాయకుడు ఓజీ ఆజ్బర్న్ తన సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లో సింహాసనం లాంటి కుర్చీలో కూర్చునే పాడాడు. మరి పదిహేడు రోజులకు కన్నుమూశాడు. జాలిపడాల్సిన దృశ్యాలని వీటిని కొందరు అన్నారు. దయచేసి అలా అనకండి. అక్కడున్న జనం జాలిపడటానికి వెళ్లలేదు.

చార్లీ వాట్స్ స్టోన్స్‌తో చివరిసారి వాయించింది 2019 ఆగస్టు 30న, మయామీలో. 2021 ఆగస్టు 24న 80 ఏళ్ల వయసులో మరణించాడు. ఆ వార్త చదివిన రాత్రి నాకు బెంగళూరు గుర్తొచ్చింది. జాగర్ చొక్కా రంగుతో సహా ఎన్నో గుర్తున్నాయి, డ్రమ్స్ వెనుక ఉన్న ముఖం మాత్రం గుర్తు లేదు.

2024 మే 23న న్యూజెర్సీలో, మెట్‌లైఫ్ స్టేడియంలో స్టోన్స్‌ను మళ్లీ చూశాను. అప్పుడు మా అమ్మాయి దగ్గర ఎడిసన్‌లో ఉన్నాను. టికెట్లమ్మే ఒక సంస్థ వెబ్‌సైట్‌లో నేను కార్డు నంబరు కొడుతుండగానే ధర పెరిగిపోయింది. గిరాకీని బట్టి నిమిషాల మీద ధర మార్చే ఈ పద్ధతి, ఆ బృందంతో పాటే వయసు మళ్లిన అభిమానుల్ని అన్నిటికంటే వెనుక వరుసలకు నెడుతోంది. దీన్ని నేను అన్యాయమనే అంటాను.

మొత్తానికి పై అంతస్తులో చోటు దొరికింది. నాకు 59 నిండాయి, బెంగళూరులో జాగర్ వయసు అదే. అతనికి 80, కీత్‌కూ 80, రెండో గిటారిస్టు రోనీ వుడ్‌కు 76. కీళ్లవాతం వల్ల వాయించే తీరు మార్చుకున్నానని కీత్ అంతకుముందే చెప్పాడు. ఈసారి నేను బైనాక్యులర్స్ తీసుకెళ్లాను. డ్రమ్స్ దగ్గర, చార్లీయే తన స్థానంలో కూర్చోమని కోరిన స్టీవ్ జోర్డాన్ ఉన్నాడు. గొప్ప వాద్యకారుడు, దెబ్బ గట్టిగా, సూటిగా పడుతోంది. పాట మధ్యలో కీత్ వెనక్కి తిరిగి, డ్రమ్స్ గట్టుకు ఆనుకునేంత దగ్గరగా వెళ్లి, ఆ చేతుల్ని చూస్తూ వాయించాడు. చుట్టుపక్కల అందరూ జాగర్‌ను ఫోన్లలో పట్టుకుంటున్నారు. నేను ఆ రెండు చేతుల మీంచి కళ్లు తిప్పలేదు.

నోట్సు ఇక తెరవను. ఆ 2003 పర్యటనలోనే న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తీసిన వీడియోలోంచి నాలుగు నిమిషాలు ఇప్పుడు మీకు చూపిస్తాను. జాగర్ మీ ముందుకు పరిగెత్తుకొస్తాడు, అతన్ని చూడకండి. వెనుక, ఎడమచేతి పుల్లను జాజ్ వాద్యకారుల్లా అడ్డంగా పట్టుకుని ఒకాయన కూర్చుని ఉంటాడు. రెండో దెబ్బ పడేటప్పుడు ఆయన కుడిచేయి చూడండి. ఎవరైనా ఆ దీపాలు ఆర్పుతారా?