థైరాయిడ్ గడ్డ: ఏ ప్రోటీన్ ఏం చెబుతుంది?

శ్రోతలకు నమస్కారం. మెడ ముందు గడ్డ కనపడగానే క్యాన్సరేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. నిజానికి థైరాయిడ్ గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు. స్కానింగ్‌లో అనుమానం వస్తే సన్నటి సూదితో కొన్ని కణాలు తీసి చూస్తారు, అదే ఎఫ్‌ఎన్‌ఏసీ. రిపోర్టులో బెథెస్డా అనే వర్గీకరణ ప్రకారం 1 నుంచి 6 వరకు ఏదో ఒక అంకె వేస్తారు. 2 అంటే మామూలు గడ్డ, 6 అంటే క్యాన్సర్. చిక్కంతా ఎటూ తేల్చలేని 3, 4 దగ్గరే.

ఎందుకంటే ఫాలిక్యులర్ రకం, అంటే థైరాయిడ్‌లో హార్మోన్ తయారుచేసే చిన్న తిత్తుల కణాల నుంచి పుట్టే గడ్డల్లో మామూలుదైనా, క్యాన్సరైనా కణాలు ఒకేలా ఉంటాయి. గడ్డ చుట్టూ ఉన్న పొరను చీల్చుకుని బయటికొచ్చాయా, రక్తనాళాల్లోకి దూరాయా అన్నదే తేడా, అది సూదికి చిక్కిన కాసిని కణాల్లో తెలిసేది కాదు. అందుకని సగం థైరాయిడ్ తీసేశాక, క్యాన్సర్ కాదని తేలినవాళ్లు ఎంతోమంది. ఆ ఆపరేషన్ తప్పితే ఎంత మేలో చూడండి!

ఇక్కడే ప్రోటీన్లు పనికొస్తాయి. గెలెక్టిన్-3, సైటోకెరాటిన్-19, ఇంకా హెచ్‌బీఎంఈ-1 అనే యాంటీబాడీ (ఫలానా గుర్తుకే అతుక్కునే ప్రోటీన్) పట్టుకునే మరో గుర్తు, ఇవి క్యాన్సర్ కణాల్లో, ముఖ్యంగా ఎక్కువమందిలో వచ్చే పాపిల్లరీ రకంలో, బాగా కనిపిస్తాయి. కణాలకు యాంటీబాడీ పట్టించి రంగు తేలుతుందా అని మైక్రోస్కోపులో చూస్తారు. అయితే హషిమోటో వాపు (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేసే జబ్బు) ఉన్న థైరాయిడ్‌లోనూ గెలెక్టిన్-3, సైటోకెరాటిన్-19 కనిపించవచ్చు. కాబట్టి ఒక్కదాన్నే నమ్మకుండా రెండు మూడు కలిపి, కణాల తీరుతో సరిపోల్చి చూడాలి.

చాలామంది గందరగోళపడేది థైరోగ్లోబులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రోటీన్) రక్తపరీక్ష విషయంలో. ఆపరేషన్‌కు ముందు అది పెరిగిందని భయపడకండి, మామూలు గాయిటర్‌లోనూ పెరుగుతుంది. క్యాన్సర్ కోసం థైరాయిడ్ మొత్తం తీసేశాక మాత్రం దాని విలువే వేరు, మళ్లీ పెరుగుతుంటే జబ్బు తిరగబెట్టిందేమో చూడాలి. దాంతోపాటు థైరోగ్లోబులిన్‌కు వ్యతిరేకంగా ఒంట్లోనే పుట్టే యాంటీబాడీల పరీక్ష కూడా చేయించాలి, అవి ఉంటే అసలు అంకె తప్పుగా రావచ్చు.

మెడుల్లరీ రకం క్యాన్సర్ సంగతి వేరు. అది థైరాయిడ్‌లోనే ఉండే సి-కణాలు అనే వేరే కణాల్లో పుడుతుంది, వాటి హార్మోన్ కాల్సిటోనిన్ రక్తంలో బాగా పెరుగుతుంది. ఈ రకంలో దాదాపు నాలుగో వంతు వంశపారంపర్యం. అందుకే రోగికి రెట్ జన్యువు పరీక్ష చేస్తారు, అందులో మార్పు దొరికితే తోబుట్టువులకూ పిల్లలకూ చేయించాలి. మార్పు ఉన్న పిల్లలకు క్యాన్సర్ రాకముందే థైరాయిడ్ తీసేసే వీలుంది.